బావ రక్తం

జాలరిపేటలో పుట్టిన మగవాడికి సముద్రమంటే భయమని చెబితే ఎవరైనా నవ్విపోతారు. తాతబాబుకి ఆ భయం ఉండేది. కాళ్ల కింద నీళ్లు కదిలితే చాలు, అతనికి కడుపులో పేగులు కదిలిపోయేవి. తండ్రి ఎల్లాజీ పేటలో పేరున్న చేపల వేటగాడు. కొడుకు తెప్ప అంచు పట్టుకుని వాంతులు చేసుకోవడం ఆయనకి మింగుడు పడేది కాదు. నలుగురిలో దెప్పేవాడు, ఇంట్లో కసిరేవాడు.

ఆ కసురు నుంచి తాతబాబుని కాచింది నూకరాజు. ఇద్దరిదీ ఒకే ఈడు. నూకరాజు తండ్రి వేటకి వెళ్లి తిరిగి రాకపోతే, ఎల్లాజీ ఆ పిల్లాణ్ని తెచ్చుకుని తన తెప్ప మీద కూర్చోబెట్టి వేట నేర్పాడు. పెద్దయ్యాక కూతురు సీతాలుని ఇచ్చి అల్లుణ్ని చేసుకున్నాడు. కన్నకొడుకు చేయలేనిది పెంచిన అల్లుడు చేసి చూపిస్తే మామూలుగా ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనాలి. ఈ ఇద్దరికీ అలా జరగలేదు. "బావకి పెద్ద ఓడలే సరిపడతాయి మావా. ఈ తెప్పలూ వలలూ మనకి," అని నూకరాజు ఎల్లాజీ నోరు మూయించేవాడు.

ఆ మాట ఊరికే పోలేదు. తాతబాబు పోర్టులో బొగ్గు దించే కూలీగా చేరి, ఓడల వాళ్లతో పరిచయాలు పెంచుకుని, కొన్నాళ్లకి ఓడ మీద ఖలాసీ పని సంపాదించే దాకా వచ్చాడు. చుట్టూ ఇనప గోడలుండి, కాళ్ల కింద ఇనప నేల ఉంటే అతనికి కడుపులో తిప్పేది కాదు. అంతకన్నా ఏం కావాలి? సూర్యకళతో పెళ్లయి ఏడాది కావస్తోంది. కట్టుకున్నది తల మీద గంప పెట్టుకుని వీధి వీధీ తిరిగి చేపలమ్ముతుంటే, తను బొగ్గు మసి కడుక్కుంటూ కూర్చోవడం అతనికి నామోషీగా ఉండేది.

అది తొంభై ఆరో సంవత్సరం. ఓడ ఎక్కించే ముందు మెడికల్ చేయించారు. ఛాతీ చూశారు, కళ్లు చూశారు, రక్తం తీశారు. మర్నాడు ఏజెంటు ఆఫీసులో ఒకాయన తలెత్తకుండానే చెప్పాడు.

"ఆస్ట్రేలియా యాంటిజెన్ పాజిటివ్. అన్‌ఫిట్."

తాతబాబుకి అందులో ఆస్ట్రేలియా ఒక్కటే అర్థమైంది. ఉక్కు ఫ్యాక్టరీకి ఆస్ట్రేలియా నుంచి ఓడల్లో బొగ్గు వస్తుంది. ఆ బొగ్గు దించింది తనే. ఆ మసే ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి దిగిపోయిందనుకున్నాడు. సూర్యకళ ఉప్పు నీళ్లు పుక్కిలించమంది, పొద్దున్నే బెల్లం ముక్క తినమంది. ఇద్దరూ కలిసి వారం రోజులు ఆ బొగ్గు మీద తిరగబడ్డారు.

చివరికి డాబాగార్డెన్స్‌లో గురునాథరావు అనే డాక్టరు దగ్గరికి వెళితే గానీ అసలు సంగతి తెలియలేదు. బొగ్గు మాట విని ఆయన నవ్వాడు. ఆ గుర్తుని మొట్టమొదట ఆస్ట్రేలియా మనిషి రక్తంలో చూశారు కాబట్టి ఆ పేరొచ్చిందనీ, అసలు పేరు హెపటైటిస్ బి అనీ చెప్పాడు. మళ్లీ రక్తం తీయించి, కాగితాలు ముందు పెట్టుకుని, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు.

"మూడు సంగతులు చూశానయ్యా. ఒంట్లో ఆ పురుగుందా అన్నది మొదటిది. ఉంది, చిన్నప్పుడెప్పుడో ఏ సూది వల్లో వచ్చి ఉంటుంది. అది నీ లివర్‌ని పాడుచేస్తోందా అన్నది రెండోది. ఎస్జీపీటీ అనే పరీక్ష ఆ సంగతి చెబుతుంది. అది మామూలుగానే ఉంది కాబట్టి ఇవాళ్టికి నీకు భయం లేదు. మూడోది ఈ-యాంటిజెన్. అదీ ఉంది. అంటే పురుగు నీలో జోరుగా పెరుగుతోంది. నీకు బాధ లేదు గానీ, నీ రక్తం చుక్క ఇంకొకరి గాయంలో పడితే వాళ్లకి అంటుకుంటుంది. నీ బ్లేడు ఎవరికీ ఇవ్వకు, ఎవరిదీ నువ్వు వాడకు. పక్కన కూర్చుంటే రాదు, ఒక కంచంలో తింటే రాదు. పెళ్లానికి టీకా వేయించు. ఆర్నెల్లకోసారి వచ్చి రక్తం చూపించుకో."

"మందు నేదా బాబూ?"

"ఇంజెక్షన్లున్నాయి. నీకూ నాకూ అందేవి కావు. మంచి మందులు వస్తాయి, ఈలోగా జాగ్రత్తగా ఉండు."

తాతబాబు సూర్యకళకి టీకా వేయించాడు. ఓడ కంపెనీ వాళ్ల రూలని చెప్పాడు. నిజం చెప్పడానికి అతనికి ధైర్యం చాలలేదు. పేటలో ఒకామె మొగుడికి టీబీ అని తెలిశాక ఆమె గంప దగ్గర ఆగిన మనిషి లేదు. రోగమున్న ఇంటి చేపలు ఎవరు కొంటారు? సూర్యకళ నోరు మంచిదే, కానీ పేటలో గోడలకి చెవులుండటమే కాదు, నోళ్లు కూడా ఉంటాయి.

నూకరాజుకి మాత్రం సగం చెప్పాడు. ఆ సగమే తర్వాత అతని మెడకి చుట్టుకుంది.

"రోగం గాదు బావ. రక్తంలో ఓ గురుతంతే. నా ఒంట్లో ఏటీ నేదని డాక్టరే సెప్పినాడు. ఓడోళ్లకి ఆ గురుతంటే పడదు."

"గురుతుకే ఇంత రబసేటి?" అన్నాడు నూకరాజు. కాసేపు ఆలోచించి చెయ్యి చాపాడు. "నా రక్తంలో నేదు గదా ఆ గురుతు? నా రక్తం ఇచ్చీ."

ఆ రోజుల్లో ఫొటోలు చూసేవాళ్లెవరు? ఇంకో ఏజెంటు దొరికాడు. డాక్టరు ముందు నిలబడి గుండె చూపించుకున్నది తాతబాబు. మర్నాడు పరగడుపున ల్యాబుకి వెళ్లి చెయ్యి చాపింది నూకరాజు. పేరడిగితే తాతబాబు అన్నాడు. తండ్రి పేరడిగితే ఎల్లాజీ అన్నాడు. ఆ రెండో పేరు మాత్రం వీధిలోకి వినపడేలా చెప్పాడు. బయట బడ్డీ దగ్గర నిలబడిన తాతబాబుకి కూడా అది వినిపించింది.

అలా మొదలైంది. ప్రతి ఓడకీ కొత్త మెడికల్, ప్రతి మెడికల్‌కీ బావ రక్తం. నూకరాజు ఆ పూట వేట మానుకునేవాడు. రక్తం ఇచ్చాక ఇద్దరూ పూర్ణా మార్కెట్ దగ్గర ఇడ్లీలు తిని ఇంటికొచ్చేవారు. తాతబాబు సింగపూర్ చూశాడు, దుబాయ్ చూశాడు, బొగ్గు తెచ్చే ఆ ఆస్ట్రేలియా కూడా చూశాడు. పేటలో మేడ కట్టాడు. ఎల్లాజీ దెప్పడం మానేసి, ఓడెక్కిన కొడుకు గురించి గొప్పలు చెప్పడం మొదలుపెట్టాడు. చూసేవాళ్లకి అది వైభోగమే. తాతబాబుకి మాత్రం ఒక్కో ఓడ దిగేసరికి ముందు నుయ్యి, వెనక గొయ్యి. బావకి జ్వరమొస్తే భయం, బావ వేట నుంచి ఆలస్యంగా వస్తే భయం, కొత్త ల్యాబులో ఎవరైనా ముఖాలు పోలుస్తారేమోనని భయం. గురునాథరావు దగ్గరికి వెళ్లి తన రక్తం చూపించుకోవడం కూడా మానేశాడు. మంచి రక్తం తన పేరు మీద ఉండగా చెడ్డ రక్తం సంగతి ఎందుకన్నట్టు ఉండేవాడు. ఓడలో మాత్రం తన బ్లేడు తన పెట్టెలోనే తాళం వేసి ఉంచేవాడు. ఆ ఒక్క మాటా అతను తప్పలేదు.

రెండువేల రెండులో ఎల్లాజీ పోయాడు. తాతబాబు అప్పుడు ఇంటి దగ్గరే ఉన్నాడు.

పెద్దదినం నాడు బంధువులంతా సముద్రపు ఒడ్డున చేరారు. కొడుకు కాబట్టి తాతబాబుకి గుండు చేయాలి. క్షవరం చేసే సింహాద్రి ముసలివాడు, చూపు ఆనదు, చెయ్యి వణుకుతుంది. అయినా ఆ ఇంటి చావులకీ పెళ్లిళ్లకీ అతనే రావాలి. అతని దగ్గర ఉన్నది ఒకటే మడత కత్తి. తాతబాబు కొత్త బ్లేడు తెచ్చుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"తాతా, నా కాడ కొత్త బ్లేడున్నాది. దాంతో సెయ్యి," అన్నాడు మెల్లిగా.

పక్కనున్న కులపెద్ద అందుకున్నాడు. "ఏటిరా, ఓడెక్కినోడికి మా కత్తి పనికిరాదేటి? మీ అయ్యకి సేసింది ఈ కత్తే. మీ తాతకి సేసింది ఈ కత్తే. బాబుని సాగనంపడానికి వొచ్చినావా, సోకులకొచ్చినావా?"

పదిమందీ తలలూపారు. తండ్రి పోయిన కొడుకు పదిమంది మాట కాదనగలడా? తాతబాబు కూర్చున్నాడు. కత్తి తగిలితే తన రక్తమే కదా, తనకి పోయేదేముందని సర్దిచెప్పుకున్నాడు. ఆ ఇంట గుండు చేయించుకోవలసిన కొడుకు తనొక్కడే మరి. చెవి వెనక చురుక్కుమంది. చేత్తో తడుముకుంటే వేళ్లకి ఎర్రగా అంటింది. సింహాద్రి కత్తిని డబ్బాలో నీళ్లలో ముంచి తడిగుడ్డకి తుడిచాడు.

తాతబాబు లేచేసరికి ఆ చోట నూకరాజు వచ్చి కూర్చున్నాడు.

"నువ్వేటి బావ? అల్లుడివి, నువ్వు సేయించుకోకూడదు," అన్నాడు తాతబాబు.

కులపెద్ద కూడా అదే అన్నాడు. అల్లుడు గుండు కొట్టించుకోవడం ఎక్కడా లేదన్నాడు. నూకరాజు లేవలేదు. తల వంచుకునే మాట్లాడాడు. "నా సొంత అయ్య శవం దొరకనేదు. ఆ అయ్యకి నాను గుండు సేయించుకోనేదు. నాకు సముద్రం నేర్పినోడు మావే. ఇయ్యాల కూడా సేయించుకోకపోతే నాను ఎవుడి కొడుకుని?"

ఆ మాటకి కులపెద్ద కళ్లు తుడుచుకున్నాడు. ఆడవాళ్లు ఒక్కసారిగా ఏడ్చారు. సింహాద్రి అదే కత్తి తీసుకున్నాడు.

తాతబాబు నోరు తెరిచాడు. చెప్పాల్సినది ఒక్క ముక్క. ఆ కత్తి వద్దు, దానికి నా రక్తం అంటింది, నా రక్తం మంచిది కాదు. ఆ ముక్క అంటే ఓడ పోతుంది, సూర్యకళ గంప పోతుంది, ఇన్నేళ్లూ బావకి చెప్పిన అబద్ధం పదిమందిలో బయటపడుతుంది. చొక్కా జేబులో బ్లేడుంది, చొక్కా పది అడుగుల దూరంలో ఇసక మీద ఉంది. అతను తేలు కుట్టిన దొంగలా అక్కడే నిలబడిపోయాడు. నూకరాజు నడినెత్తిన కత్తి గీసుకుంది, ఒక చుక్క నుదుటి మీదకి జారింది, సీతాలు కొంగుతో అద్దింది. అంతా అయ్యాక తాతబాబు సముద్రంలో మునిగి చాలాసేపు లేవలేదు. తండ్రి కోసం ఏడుస్తున్నాడనుకున్నారు.

మూడు నెలలకి కొత్త ఓడ వచ్చింది. నూకరాజు ఎప్పటిలాగే రక్తం ఇచ్చాడు, ఇద్దరూ ఎప్పటిలాగే ఇడ్లీలు తిన్నారు. తాతబాబుకి మాత్రం ముద్ద దిగలేదు. మర్నాడు ఆఫీసు నుంచి కబురొస్తే వెళ్లాడు. ఏజెంటు కాగితం చూపించి అడిగాడు.

"ఇన్నేళ్లూ క్లీన్‌గా ఉన్నావు. ఇప్పుడు హెపటైటిస్ పాజిటివ్ వచ్చింది. ఎక్కడ తెచ్చుకున్నావయ్యా?"

ఓడ పోయిందన్న సంగతి అతని బుర్రకి ఎక్కనే లేదు. అక్కడ తన పేరు రాసిన గాజు గొట్టంలో ఉన్న బావ రక్తానికి ఆ రోగం ఎక్కణ్నుంచి అంటిందో తెలిసినవాడు ప్రపంచం మొత్తం మీద తనొక్కడే. ఆఫీసు మెట్లు దిగి పోర్టు గోడ పక్కన కూలబడ్డాడు.

పరీక్షలో వచ్చిన సంగతి నూకరాజుకి చెప్పక తప్పదు కదా. చెప్పాడు. నూకరాజు తన చేతులకేసి చూసుకుని తాతబాబు భుజం పట్టుకున్నాడు.

"నా రక్తం మూలంగా నీ కొలువు పోనాది బావ. ఇన్నేళ్లూ కాపాడి, ఇప్పుడు ముంచీసినాను. నన్ను తిట్టీ బావ, ఊరుకోకు."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. తాతబాబు ఆ క్షణంలో చచ్చిపోతే బాగుండుననుకున్నాడు, చావలేదు. "నీ తప్పేటి బావ," అని మాత్రం అన్నాడు.

పది రోజులకి నూకరాజు కళ్లు పసుపు ముద్దల్లా అయ్యాయి. కామెర్లని సీతాలు పసరు తాగించింది, ఉప్పూ నూనే మానిపించింది. తగ్గలేదు. తాతబాబే అతన్ని గురునాథరావు దగ్గరికి తీసుకెళ్లాడు. కానీ లోపలికి వెళ్లలేదు. డాక్టరు తనని గుర్తుపట్టి, ఒక ముఖం నుంచి ఇంకో ముఖానికి చూస్తే చాలు, గుట్టు రట్టవుతుంది. బయట బల్ల మీద ముఖం దించుకుని కూర్చున్నాడు. నూకరాజు బయటికొచ్చేసరికి బాగా పొద్దెక్కింది.

"ఏటన్నాడు బావ?"

"మంచి డాక్టరు. శానా అడిగినాడు," అన్నాడు నూకరాజు. ఆ పైన డాక్టరు చెప్పింది చెప్పాడు. పెద్దవాళ్లకి కొత్తగా అంటుకుంటే నూటికి తొంభై మందికి పైగా దానంతటదే పోతుంది. ఆర్నెల్లు చూడాలి. ఆర్నెల్లకి ఆ గుర్తు రక్తంలోంచి పోయి, దాన్ని ఎదిరించే బలం కనపడితే గండం గడిచినట్టు. పోకపోతే అది ఇక కాపురం పెట్టినట్టే, జన్మంతా లివర్‌ని కనిపెట్టుకుని ఉండాలి. సీతాలు రక్తం కూడా చూశారు. ఆమెకి రాలేదు, టీకా మొదలుపెట్టారు.

ఆ ఆర్నెల్లూ తాతబాబు నూకరాజు ఫైబర్ బోటు మీద వేటకి వెళ్లాడు. బావ మంచం మీద ఉంటే చెల్లెలి ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. చిన్నప్పుడు తప్పించుకున్నదంతా ఇప్పుడు వచ్చి మీద పడింది. ఒడ్డు దాటగానే వాంతులు, ఎండకి మాడిన ఒళ్లు, వల లాగి లాగి చీరుకుపోయిన చేతులు. కూడా వచ్చినవాళ్లు జాలిపడేవారు. వలలో పడ్డ చేపలు, కవ్వళ్లూ నెత్తళ్లూ తెచ్చి చెల్లెలి గుమ్మంలో పోసేవాడు. "మా అన్న దేవుడు," అనేది సీతాలు. అది విననట్టు వెళ్లిపోయేవాడు. నూకరాజు అరుగు మీద కూర్చుని అతన్నే చూసేవాడు. ఆ చూపు కింద నిలబడటం కన్నా బోటు మీద వాంతులే నయమనిపించేది. చెప్పేద్దామని రోజూ పొద్దున్న అనుకునేవాడు. పరీక్ష కానీ, బావకి తగ్గాక చెబుదాం, రోగంతో ఉన్నవాడికి ఇదెందుకని రోజూ మధ్యాహ్నానికి వాయిదా వేసుకునేవాడు.

కామెర్లు తగ్గాయి, ఒళ్లు నిండింది. ఆర్నెల్లయ్యాక నూకరాజు ఒక్కడే పరీక్షకి వెళ్లాడు. తాతబాబు ఒడ్డున వల బాగుచేస్తూ కూర్చున్నాడు గానీ, కన్నం ఎక్కడుందో దారం ఎక్కడుందో అతనికి కనపడలేదు. దూరం నుంచి బావ నడిచొస్తూ కనిపించాడు.

"పోనాది బావ," అన్నాడు నూకరాజు ఎదురుగా ఇసకలో కూర్చుంటూ. "గురుతు నేదు. దాన్ని ఎదిరించే బలం వొచ్చీసినాదంట. ఇంక జన్మలో నాకు రాదంట."

తాతబాబు రెండు చేతులతో ముఖం కప్పుకుని భోరుమన్నాడు. నూకరాజు అతని ఏడుపు అయ్యేదాకా ఆగాడు.

"మరి ఓడ సంగతేటి? నా రక్తం ఇప్పుడు మునపటికన్నా మంచిది. ఏరే ఏజెంటు కాడికెల్తే సరిపోద్ది. రేపెల్దామేటి?"

ఎల్దాం అన్న మాట తాతబాబు నాలుక చివరిదాకా వచ్చింది. ఇనప గోడలు, ఇనప నేల, వాంతుల్లేని పొద్దులు కళ్ల ముందు తిరిగాయి. ఎదుటి మనిషి నెత్తి మీద జుట్టు మళ్లీ ఒత్తుగా పెరిగి ఉంది. అతను ఇక ఉండబట్టలేకపోయాడు.

"ఒద్దు బావ. నీ రక్తం నాకొద్దు. ఆ రోగం నీకు నా కాడినుంచే వొచ్చినాది. అయ్య పెద్దదినం నాడు, ఆ కత్తికి నా రక్తం అంటినాది. అంటుకుంటాదని నాకు తెల్సు. డాక్టరు ఎప్పుడో సెప్పినాడు. తెల్సీ ఊరుకున్నాను."

"తెల్సు," అన్నాడు నూకరాజు.

"నీకు తెల్సా?"

"డాక్టరు కాడికెల్లిన మొదటి రోజే తెల్సు. రక్తంలో ఇంకో గురుతుంటాదంట, అది కొత్త జబ్బుకే కనపడతాదంట. ఇది ఈ మద్దెన అంటుకున్నదే, ఎవుడి సూది పొడిపించుకున్నావు, ఎవుడి కత్తికి తల ఒగ్గినావు అని డాక్టరు అడిగినాడు. నాను ఇంకొకుడి ఎనక అదే కత్తికి తల ఒగ్గింది ఆ ఒక్క రోజే గదా బావ."

"మరి నన్ను అడగనేదేటి?"

"నువ్వే సెప్తావని సూసాను." నూకరాజు వల అంచు చేతిలోకి తీసుకుని, ముడి ఒకటి బిగించాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే తాతబాబుకి కాస్త ఊపిరాడేది. "ఆ రోజు పదిమందిలో నీ నోరు రానేదు. ఎవుడికైనా రాదు. అది నాను అప్పుడే మనసులోంచి ఒగ్గీసినాను. ఆర్నెల్లు నా ఇంటికి సేపలు మోసినావు, అదీ సూసాను. ఇయ్యాల నా రక్తం బాగున్నాదని తెలిసినాక సెప్పినావు. ఒక్క మాట అడుగుతాను బావ. బాగునేదని వొచ్చుంటే సెప్పీవోడివా?"

చెప్పేవాణ్ననే అనాలని తాతబాబు తలెత్తాడు. అది నిజమో కాదో తనకే తెలియదు. నూకరాజు కాసేపు జవాబు కోసం చూశాడు, తర్వాత వల కింద పెట్టి ఇంటి వైపు నడిచాడు.